కాలమే కొలమానం: గోంబే చింపాంజీల మీద జేన్ గుడాల్ చేసిన పని

2025 అక్టోబరు 1న జేన్ గుడాల్ 91 ఏళ్ల వయసులో, అమెరికాలో ఉపన్యాస పర్యటన మధ్యలో కన్నుమూశారు. ఆ తరువాత వచ్చిన నివాళుల్లో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూ తిరిగాయి. చింపాంజీలు పనిముట్లు తయారు చేసుకుంటాయని ఆమె లోకానికి చూపారన్నది ఒకటి, జంతువుల పట్ల ఆమెకున్న అపారమైన ప్రేమ రెండోది. రెండూ నిజమే. అయితే ఆమె పనిని ఈ రెండింటికే కుదిస్తే, దాన్ని శాస్త్రంగా నిలబెట్టిన అసలు సంగతి పక్కకు పోతుంది. టాంజానియాలోని గోంబే అడవిలో 1960లో మొదలైన పరిశీలన ఇప్పటికీ ఆగలేదు. ఒకే అడవిలో, అవే సమూహాలను, తల్లి తరువాత కూతురు, కూతురి తరువాత మనవరాలు అంటూ పేరుపేరునా రాసుకుంటూ వచ్చిన చరిత్ర అది. మొదట్లో తప్పుగా అర్థమైన విషయాలు ముప్పై నలభై ఏళ్ల తరువాత సరిగ్గా అర్థమైన సందర్భాలు అక్కడ చాలా ఉన్నాయి. గుడాల్ మనకిచ్చిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఆ కొనసాగింపేనని నా అభిప్రాయం. పనిముట్లు, పేర్లు, అరటిపళ్లు, యుద్ధం, అడవుల రక్షణ అంటూ ఆమె పని చుట్టూ అల్లుకున్న వాదాలను విడదీయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

గోంబే పెద్ద అడవి కాదు. టాంగన్యీకా సరస్సు తూర్పు ఒడ్డున, కిగోమా పట్టణానికి ఉత్తరాన, నీటి అంచు నుంచే నిటారుగా లేచే కొండలు, వాటి మధ్య వాగులు దిగే ఇరుకు లోయలు, అంతా కలిపి ముప్పై అయిదు చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బ్రిటిష్ వలస ప్రభుత్వం 1943లో దాన్ని వన్యప్రాణుల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 1968లో స్వతంత్ర టాంజానియా దాన్ని జాతీయ ఉద్యానంగా మార్చింది. అక్కడికి ఒక పరిశీలకురాలిని పంపాలన్న ఆలోచన లూయీ లీకీది. తూర్పు ఆఫ్రికాలో ఆదిమానవుల ఎముకలు తవ్వితీస్తున్న లీకీకి ఒక లోటు తెలుస్తూనే ఉండేది. ఎముకలు శరీరం ఎలా ఉండేదో చెబుతాయి గాని, ఆ జీవి తోటివారితో ఎలా మసలుకుందో, పిల్లలను ఎలా సాకిందో చెప్పవు. మనకు దగ్గరి చుట్టాలైన చింపాంజీలు, ఆదిమానవుల ఆనవాళ్లు దొరికే చోట్ల లాంటి సరస్సు గట్టు మీద ఎలా బతుకుతున్నాయో చూస్తే ఆ ఖాళీని కొంతైనా పూరించవచ్చని ఆయన అనుకున్నారు.

గుడాల్ 1957లో స్నేహితురాలి కుటుంబం ఉన్న కెన్యాకు వెళ్లి, నైరోబీలో లీకీ దగ్గర కార్యదర్శిగా చేరారు. విశ్వవిద్యాలయంలో చదివించే స్తోమత ఇంట్లో లేకపోవడంతో సెక్రటరీ కోర్సు చేసిన యువతి ఆమె. డిగ్రీ లేకపోవడం లీకీకి లోపంగా కనిపించలేదు. అప్పటి సిద్ధాంతాల ప్రభావం పడని చూపు, ఏళ్ల తరబడి ఓపిక పట్టగల స్వభావం ఆయనకు కావలసివచ్చాయి. అంతకుముందు, 1930లో, హెన్రీ నిస్సెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెంచి గినీలో అడవి చింపాంజీలను చూసే ప్రయత్నం చేశాడు గాని, కొద్ది నెలల్లోనే అది ముగిసింది. లీకీ మాత్రం ఏళ్ల లెక్కలో ఆలోచించారు. అయితే మొదట్లో దొరికిన డబ్బు ఆరు నెలలకే సరిపోయేది. అది అమెరికాలో పనిముట్లు తయారుచేసే లైటన్ విల్కీ అనే పారిశ్రామికవేత్త ఇచ్చింది.

గుడాల్ అడవిలోకి ఒంటరిగా వెళ్లారని చాలా కథనాలు చెబుతాయి. అది సరికాదు. యువతి ఒక్కతే అక్కడ ఉండటానికి అధికారులు ఒప్పుకోకపోవడంతో, 1960 జూలై 14న ఆమె గోంబే ఒడ్డున దిగినప్పుడు తల్లి వాన్, వంటమనిషి డొమినిక్ కూడా వెంట ఉన్నారు. కొండ దారులు తెలిసిన స్థానికులు తోడుగా నడిచారు. ఆమె తల్లి ఒడ్డున గుడారం దగ్గర జాలరులకు, చుట్టుపక్కల గ్రామస్థులకు మందులిచ్చే చిన్న వైద్యశాల నడిపారు. చుట్టూ ఉన్న ఊళ్లతో పరిశోధకులకు సత్సంబంధం అలా మొదటి నెలల్లోనే ఏర్పడింది. దీన్ని చిన్న విషయంగా నేను చూడను. దశాబ్దాల తరువాత ఈ అడవిని కాపాడే పని ఆ ఊళ్ల మీదే ఆధారపడింది.

మొదటి వారాలు నిరాశగా గడిచాయి. చింపాంజీలు అయిదు వందల గజాల దూరంలో ఆమె అలికిడి కాగానే పారిపోయేవి. తల్లీకూతుళ్లిద్దరూ మలేరియాతో మంచాన పడ్డారు. కోలుకున్నాక ఆమె ఒక కొండ కొసను ఎంచుకుని, రోజూ ఒకే రంగు దుస్తుల్లో అక్కడే కూర్చుని, బైనాక్యులర్స్‌తో రెండు లోయలను చూస్తూ వచ్చారు. దగ్గరకు వెళ్లే ప్రయత్నం చేయకుండా, తాను ఎప్పుడూ అక్కడే ఉంటానని వాటికి అలవాటు చేశారు. వాటిలో మొదట భయం వదిలింది నెరిసిన గడ్డమున్న ఒక మగ చింపాంజీ. ఆమె దానికి డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టారు. 1960 అక్టోబరు చివర్లో అది అడవి పంది పిల్లను తినడం చూశారు. చింపాంజీలు పళ్లూ ఆకులే తింటాయన్న నమ్మకం అక్కడ పోయింది. కొద్ది రోజులకే, నవంబరు 4న, అదే చింపాంజీ చెదల పుట్ట దగ్గర కూర్చుని ఉండగా చూసిన సంగతి ఆమె పేరును శాశ్వతం చేసింది.

ఆ పనిని కొంచెం దగ్గరగా చూడటం అవసరం. తొలకరి వానలకు పుట్టలోంచి ఉసిళ్లు లేచే సంగతి మన పల్లెల్లో అందరికీ తెలుసు. వాటిని పట్టి వేయించుకుని తినేవాళ్లు తెలుగునాట ఇప్పటికీ ఉన్నారు. గోంబేలో ఆ కాలం అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తుంది. ఉసిళ్లు బయటకు ఎగరడానికి వీలుగా శ్రామిక చెదలు పుట్ట లోపలి సొరంగాలను పైపొర దాకా తవ్వి, కొసను పలచని మట్టితో మూసి ఉంచుతాయి. చింపాంజీ ఆ మూతను కనిపెట్టి చూపుడువేలితో గీకి తెరుస్తుంది. గడ్డిపరకనో సన్నని తీగనో తెంపి, ఆకులుంటే దూసేసి, కావలసిన పొడవుకు కొరికి, ఆ కన్నంలోకి మెల్లగా దూరుస్తుంది. లోపల కాపలా ఉండే చెదలు చొరబడిన పుడకను తమ దవడలతో కరిచి పట్టుకుంటాయి. అప్పుడు పుడకను వంకర తిరగకుండా, గోడకు తగిలి పురుగులు రాలిపోకుండా బయటకు తీసి, రెండో చేతి మణికట్టు మీద ఆనించి పెదవులతో ఏరుకుంటుంది. కొస వంగిపోతే కొరికి పారేస్తుంది, లేదా పుడకను తిరగేసి వాడుతుంది. బాగా అరిగిపోతే కొత్తది తెచ్చుకుంటుంది. కొన్నిసార్లు పుట్ట దగ్గరకు రాకముందే, దూరంలోనే పుడకను ఎంచుకుని నోట కరుచుకుని వస్తుంది. చేతికందినది వాడుకోవడానికీ, పనికి తగ్గట్టు ముందుగా సిద్ధం చేసుకోవడానికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఈ వార్త అందగానే, ఇక మనిషికో పనిముట్టుకో నిర్వచనం మార్చాలి, లేదంటే చింపాంజీలనే మనుషులుగా ఒప్పుకోవాలి అన్న అర్థం వచ్చేలా లీకీ బదులిచ్చారు. ఆ కాలంలో పనిముట్లు చేసే జీవి అన్నదే మనిషికి గుర్తుగా పాఠ్యపుస్తకాల్లో ఉండేది కాబట్టి ఆ మాటకు అంత బలం వచ్చింది. ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. చింపాంజీలు రాళ్లతో కాయలు పగలగొడతాయని పశ్చిమ ఆఫ్రికా నుంచి 1844లోనే అచ్చయిన వర్ణన ఉంది. బంధనంలో ఉన్న చింపాంజీలు కర్రలు జతచేసి, పెట్టెలు పేర్చి పళ్లు అందుకోవడాన్ని వోల్ఫ్‌గాంగ్ కోలర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మొదటి ప్రపంచ యుద్ధం నాటికే కానరీ దీవుల్లో పరీక్షించి చూశాడు. కాబట్టి పనిముట్టును వాడే చింపాంజీని తొలిసారిగా చూసింది గుడాల్ అనడం పొరపాటు. అడవిలో, మనిషి ప్రమేయం లేకుండా, పనిముట్టును తయారు చేసుకోవడాన్ని మళ్లీ మళ్లీ చూసి, ఏ చింపాంజీ, ఏ కాలంలో, దేనితో, ఎంతసేపు చేసిందో నమోదు చేసి, 1964లో నేచర్ పత్రికలో ప్రచురించి, తిరుగులేని సాక్ష్యంగా నిలబెట్టింది ఆమె. మొదటిసారి చూడటం కంటే ఈ రెండో పని ఎంతో కష్టం.

ఆ సాక్ష్యం విలువ కాలంతో పెరిగింది. పిల్ల చింపాంజీలు తల్లి పక్కన కూర్చుని, తల్లి పారేసిన పుడకలతో ఆడుకుంటూ ఈ విద్య నేర్చుకుంటాయి. ఆడపిల్లలు తల్లి చేతుల వైపు ఎక్కువసేపు చూస్తాయని, మగపిల్లలకంటే రెండేళ్లు ముందుగానే పట్టు సాధిస్తాయని గోంబేలో పనిచేసిన ఎలిజబెత్ లాన్స్‌డార్ఫ్ 2004లో చూపారు. ఆఫ్రికాలోని మిగతా పరిశోధన కేంద్రాలు కూడా దశాబ్దాల పాటు ఇలాంటి లెక్కలే రాసుకున్నాక, 1999లో ఏడు చోట్ల సమాచారాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఒక సమూహంలో అలవాటుగా ఉండి, మరో సమూహంలో కనిపించని ప్రవర్తనలు 39 తేలాయి. ఐవరీ కోస్ట్‌లోని తాయ్ అడవిలో రాళ్లతో కాయలు పగలగొడతాయి. గోంబేలో రాళ్లూ, గట్టి పెంకు కాయలూ ఉన్నా ఆ అలవాటు లేదు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే ఆచారాలు జంతువుల్లోనూ ఉన్నాయనడానికి అది గట్టి ఆధారం. ఏ ఒక్క పరిశోధకుడూ, ఎంత ప్రతిభ ఉన్నా, రెండు మూడేళ్ల పనితో ఆ తీర్మానానికి రాలేడు.

ఇక పేర్ల వివాదం. డిగ్రీ లేకుండానే నేరుగా డాక్టరేట్ చదివేందుకు కేంబ్రిడ్జి ఆమెను 1962లో చేర్చుకుంది. చింపాంజీలకు అంకెలు ఇవ్వాలి, పేర్లు పెట్టకూడదు. వాటి స్వభావాల గురించి, మనసు గురించి, బాధా సంతోషాల గురించి మాట్లాడకూడదు అని అక్కడి పండితులు ఆక్షేపించారు. పరిశీలకుడు తన భావాలను జంతువుకు అంటగట్టే ప్రమాదం నిజంగానే ఉంది కాబట్టి ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. ఆమె పర్యవేక్షకుడు రాబర్ట్ హైండ్ ఆ చిక్కుకు ఒక దారి చూపించారు. ఫిఫీ అనే పిల్ల చింపాంజీ అసూయ పడిందని గుడాల్ రాస్తే, అలా రుజువు చేయలేని మాట రాయవద్దని, మనిషి పిల్ల గనక అలా ప్రవర్తిస్తే దాన్ని మనం అసూయ అంటాం అని రాయమని ఆయన సలహా ఇచ్చారు. ఆ వాక్యంలో పరిశీలన చెక్కుచెదరలేదు, అతిశయమూ లేదు. శాస్త్రం కోరే జాగ్రత్తను వదలకుండా తన కళ్లకు కనిపించింది చెప్పడం ఎలాగో గుడాల్ ఆయన దగ్గర నేర్చుకున్నారు. 1960ల మధ్యలో ఆమెకు డాక్టరేట్ వచ్చింది.

పేర్లు పెట్టడం ఆమె ఒక్కరి పద్ధతే అని కూడా అనుకోకూడదు. జపాన్‌లో కింజీ ఇమానిషి, ఆయన శిష్యులు కోషిమా దీవిలోని కోతులను అంతకుముందే ఒక్కొక్కదాన్ని పేరుతో గుర్తించి, తరాల వారీగా పరిశీలించారు. ఆ సంప్రదాయంలోంచి వచ్చిన తొషిసదా నిషిదా 1965లో గోంబేకు దక్షిణంగా, అదే సరస్సు ఒడ్డున ఉన్న మహాలేలో చింపాంజీల అధ్యయనం మొదలుపెట్టారు. ఆడ చింపాంజీలు యుక్తవయసులో పుట్టిన సమూహాన్ని వదిలి వేరే సమూహంలో చేరతాయని, మగవి పుట్టినచోటే ఉండిపోతాయని స్పష్టంగా తేల్చింది మహాలే పరిశోధకులే. పాశ్చాత్య పత్రికలు గుడాల్‌కు ఇచ్చినంత చోటు వారికి ఇవ్వలేదు. ఇది న్యాయం కాదు.

అసలు పేర్లతో ఒరిగింది ఏమిటి? మనుషుల్లో లాగే చింపాంజీల్లోనూ ఏ తల్లి పిల్ల ఏదో తెలియకుండా కుటుంబ చరిత్ర రాయలేం, కుటుంబ చరిత్ర లేకుండా వాటి సమాజం అర్థం కాదు. చింపాంజీ బతుకు నిదానంగా సాగుతుంది. గోంబేలో ఆడ చింపాంజీ పదమూడు పద్నాలుగేళ్లకు గాని తొలి బిడ్డను కనదు. కాన్పుకూ కాన్పుకూ మధ్య అయిదారేళ్ల ఎడం ఉంటుంది. కొన్ని యాభై ఏళ్లకు పైగా బతుకుతాయి. ఫ్లో అనే తల్లి చింపాంజీ 1972లో చనిపోయినప్పుడు, దాని కొడుకు ఫ్లింట్‌కు ఎనిమిదేళ్లు దాటాయి. ఆ వయసుకు పిల్లలు తల్లిపాలు మాని చాలా కాలమవుతుంది. అయినా ఫ్లింట్ తిండి మానేసి, తల్లి చనిపోయిన చోటు చుట్టూ తిరిగి, కొద్ది వారాల్లోనే జబ్బుచేసి పోయింది. ఫ్లో కూతురు ఫిఫీ మాత్రం తొమ్మిది మంది పిల్లలను కన్నది. వాటిలో ఫ్రాయిడ్, ఫ్రోడో, ఫెర్డినాండ్ అనే కొడుకులు వేర్వేరు కాలాల్లో సమూహానికి పెద్దలయ్యాయి. ఒక తల్లి సామర్థ్యం దశాబ్దాల పాటు ఒక సమూహం రాజకీయాన్ని నడిపిన తీరు ఇది. అంకెలతోనూ దీన్ని రాయవచ్చు. అయితే ఏ వాగు దగ్గర ఎవరు ఎవరికి పేలు చూశారో పదేపదే గుర్తుపట్టి రాయవలసిన మనుషులకు పేర్లే నిలుస్తాయి.

పాషన్ అనే ఆడ చింపాంజీ ఉదంతం ఈ విషయాన్ని ఇంకా బాగా చూపుతుంది. 1975, 76 సంవత్సరాల్లో పాషన్, దాని కూతురు పోమ్ కలిసి సొంత సమూహంలోని ఇతర తల్లుల పసికూనలను లాక్కుని చంపి తిన్నాయి. గిల్కా అనే తల్లి ఇలా వరుసగా పిల్లలను పోగొట్టుకుంది. అప్పట్లో దాన్ని ఒక వికృత స్వభావమున్న జంతువు చేసిన పనిగానే చాలామంది భావించారు. పాషన్ మంచి తల్లి కాదని అంతకుముందే రాసి ఉండటం వల్ల ఆ వివరణ సులువుగా అతికింది. ఆన్ ప్యూసీ, జెన్నిఫర్ విలియమ్స్, గుడాల్ కలిసి 1997లో సైన్స్ పత్రికలో ప్రచురించిన పత్రంతో ఆ అర్థం మారింది. మూడున్నర దశాబ్దాల జననాలు, మరణాలు, ఆడవాటి మధ్య పైచేయి క్రమం అన్నీ కలిపి చూస్తే, పై స్థాయి ఆడ చింపాంజీల పిల్లలు ఎక్కువగా బతుకుతున్నాయని, వాటి కూతుళ్లు ముందుగా యుక్తవయసుకు వస్తున్నాయని తేలింది. మంచి పళ్ల చెట్లున్న చోటు కోసం ఆడవాటి మధ్య బయటకు పెద్దగా కనిపించని పోటీ ఉందని, పసికూనల హత్యలు ఆ పోటీకి చివరి అంచు కావచ్చని వారు రాశారు. తరువాత ఇతర అడవుల్లోనూ ఆడ చింపాంజీలు ఇలా చేయడం కనిపించింది. ఇరవై ఏళ్ల పాటు ఒక చింపాంజీ స్వభావ దోషంగా ఉన్నది, లెక్కలు పోగయ్యాక ఆ జాతి జీవితంలోని ఒక కఠిన నియమంగా అర్థమైంది.

అన్నిటికంటే పెద్ద వివాదం యుద్ధానిది. 1970ల మొదట్లో గోంబేలోని ప్రధాన సమూహం రెండుగా చీలింది. ఉత్తరాన కసకేలా, దక్షిణాన కహామా. ఒకప్పుడు కలిసి తిరిగి, ఒకరికొకరు పేలు చూసుకున్న మగ చింపాంజీలు హద్దుకు ఇరువైపులా మిగిలాయి. 1974 జనవరిలో కసకేలా మగవి గుంపుగా, చప్పుడు చేయకుండా దక్షిణానికి వెళ్లి, ఒంటరిగా చెట్టు మీద పళ్లు తింటున్న గోడీ అనే కహామా చింపాంజీ మీద పడ్డాయి. కిందకు లాగి, ఒకటి కాళ్లు పట్టుకోగా మిగతావి కొరికాయి, బాదాయి. ఆ దాడిని కళ్లారా చూసి నమోదు చేసింది గోంబేలో పనిచేసే టాంజానియా పరిశీలకుడు హిలాలీ మతామా. గోడీ మళ్లీ కనిపించలేదు. నాలుగేళ్లలో కహామా వయోజన మగవన్నీ అలాగే చంపబడ్డాయి లేదా మాయమయ్యాయి. ముసలిదైపోయిన గోలియత్ కూడా వాటిలో ఉంది. గుడాల్‌ను మొదట దగ్గరకు రానిచ్చిన చింపాంజీల్లో అది ఒకటి. చింపాంజీలు మనకంటే మంచివని తాను అంతకాలం నమ్మానని, ఆ నమ్మకం పోయిందని ఆమె తరువాత దాపరికం లేకుండా రాశారు.

విమర్శకుల వాదన అరటిపళ్ల దగ్గర మొదలవుతుంది. డేవిడ్ గ్రేబియర్డ్ గుడారంలోకి వచ్చి అరటిపళ్లు ఎత్తుకుపోవడం చూసిన గుడాల్, చింపాంజీలను దగ్గరగా చూడవచ్చని 1960ల మొదట్లో పళ్లు పెట్టడం మొదలుపెట్టారు. దాంతో అవి ఒకేచోట పెద్ద సంఖ్యలో గుమిగూడాయి, పళ్ల కోసం బబూన్లనే పెద్ద కోతులతోనూ తమలో తామూ కొట్లాడుకున్నాయి. 1960ల చివర్లో పళ్లు బాగా తగ్గించారు. 2000 నాటికి పూర్తిగా ఆపేశారు. ఈ కృత్రిమ తిండే వాటి సహజ జీవితాన్ని చెడగొట్టి హింసకు దారితీసిందని మార్గరెట్ పవర్ 1991లో గట్టిగా వాదించారు. పళ్లు పెట్టడం పొరపాటేనని నేనూ అనుకుంటాను. దాని వల్ల తొలి దశాబ్దపు లెక్కల్లో కొన్నిటిని జాగ్రత్తగా వాడుకోవలసి వస్తోంది. అయితే హత్యలకు అదే కారణమన్న వాదన నిలవలేదు. మనుషులు ఎన్నడూ తిండి పెట్టని ఉగాండాలోని ఎన్గోగో చింపాంజీలు పక్క సమూహాల వాటిని చంపి, ఆ నేలను కలుపుకుని తమ ప్రాంతాన్ని అయిదో వంతుకు పైగా పెంచుకున్నాయని 2010లో జాన్ మితానీ బృందం ప్రకటించింది. 2014లో మైకేల్ విల్సన్, మరికొందరు శాస్త్రవేత్తలు పద్దెనిమిది చింపాంజీ సమూహాల సమాచారాన్ని కలిపి, చూసినవీ అనుమానించినవీ కలిపి 152 హత్యలను విశ్లేషించారు. మనుషుల జోక్యానికీ హత్యల సంఖ్యకూ పొంతన కుదరలేదు; సమూహంలో మగవాటి సంఖ్య, జనసాంద్రత వంటి వాటితో కుదిరింది. గోంబే చీలిక విషయంలో జోసెఫ్ ఫెల్డ్‌బ్లమ్ 2018లో మరింత లోతుకు వెళ్లి, పాత నమోదుల నుంచి ఎవరు ఎవరితో తిరిగారన్నది తిరగదోడి చూశారు. పెద్దరికం కోసం ఉత్తరపు మగ చింపాంజీ హంఫ్రీకి, దక్షిణపు చార్లీ, హ్యూ జంటకు మధ్య వచ్చిన పోటీతో పాటు, గర్భధారణకు సిద్ధంగా ఉన్న ఆడవి తక్కువ కావడం చీలికకు దారితీసి ఉండవచ్చని ఆయన తేల్చారు. దశాబ్దాల కింద చేత్తో రాసిన కాగితాలు అందుకు సాక్ష్యమయ్యాయి.

ఆ కాగితాలు రాసింది ఎవరు? 1975 మేలో సరస్సు ఆవల కాంగో వైపు నుంచి పడవల్లో వచ్చిన సాయుధులు గోంబేలోని నలుగురు విదేశీ విద్యార్థులను ఎత్తుకుపోయారు. వారు తరువాత క్షేమంగా విడుదలయ్యారు గాని, విదేశీయులు అక్కడ ఉండే పరిస్థితి పోయింది. గుడాల్ కూడా చాలాకాలం దార్ ఎస్ సలామ్ నుంచే పని చూసుకోవలసి వచ్చింది. కహామా యుద్ధం అప్పటికింకా సాగుతూనే ఉంది. హిలాలీ మతామా, ఆయన తోటి టాంజానియా పరిశీలకులు పొద్దున గూడు దిగే వేళ నుంచి సాయంత్రం కొత్త గూడు కట్టుకునే దాకా చింపాంజీల వెంట నడిచి, స్వాహిలీలో నమోదు చేస్తూ వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి పెరిగిన మనుషులు వారు. వారు ఆగిపోయి ఉంటే ఈ అధ్యయనం పదిహేనేళ్ల దగ్గర ముగిసిపోయేది. గోంబే పేరుతో వచ్చే కీర్తిలో వారి వాటా ఇప్పటికీ సరిగ్గా అందలేదు.

అడవి రక్షణ వైపు గుడాల్ మళ్లడం చాలామంది అనుకునే విధంగా వృత్తి మార్చుకోవడం కాదు. 1986లో షికాగోలో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంలో ఆఫ్రికా అంతటి నుంచి వచ్చిన వారు అడవులు ఎలా నరికేస్తున్నారో, మాంసం కోసం, అమ్మకం కోసం చింపాంజీలను ఎలా చంపుతున్నారో, పట్టుకుంటున్నారో చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పది లక్షల దాకా ఉండేవని అంచనా వేసే చింపాంజీలు ఇప్పుడు లక్షా డెబ్బై వేల నుంచి మూడు లక్షల మధ్య ఉంటాయన్నది ఎక్కువగా చెప్పే లెక్క. తల్లిని చంపితే గాని పిల్లను పట్టలేరు. ఆ తల్లి స్థానం భర్తీ కావడానికి పదిహేనేళ్లు పడుతుందని గోంబే జనన లెక్కలే చెబుతున్నాయి. అంటే వేటగాడు ఒక్కరోజులో చేసిన నష్టం పూడాలంటే ఒక తరం కావాలి. తన దగ్గరున్న సమాచారంతో ఈ లెక్క వేయగలిగిన మనిషి అడవిలో కూర్చుని చూస్తూ ఉండలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

గోంబేలో సమస్య మరో రూపంలో ఉంది. అక్కడ వేట కంటే ఒంటరితనం ప్రమాదకరం. 1990ల మొదట్లో చిన్న విమానంలోంచి చూసిన గుడాల్‌కు ఉద్యానం హద్దు బయట కొండలన్నీ బోడిగా కనిపించాయి. కట్టెల కోసం, ఆయిల్ పామ్, కసావా సాగు కోసం చెట్లు పోయాయి. బురుండీ, కాంగో యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో కిగోమా ప్రాంతం మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. ఉద్యానంలో ఇప్పుడు సుమారు వంద చింపాంజీలు మాత్రమే ఉన్నాయి. యుక్తవయసు ఆడవి వేరే సమూహానికి వెళ్లడమే దగ్గరి రక్తసంబంధం కలవకుండా కాపాడే ఏర్పాటు కదా. వెళ్లడానికి అడవే లేకపోతే ఆ ఏర్పాటు కుప్పకూలుతుంది. గోంబేలో పెద్ద సంఖ్యలో ఆడవి పుట్టిన సమూహంలోనే ఉండిపోతున్నాయి.

దీనికి తోడు జబ్బులు. 1966లో కిగోమా ప్రాంతంలో వచ్చిన పోలియో గోంబే చింపాంజీలకు సోకినట్టు భావిస్తారు. కొన్ని చనిపోగా, కొన్నిటికి కాళ్లో చేతులో చచ్చుబడ్డాయి. మిగతావాటికి అరటిపళ్లలో టీకా మందు పెట్టి ఇచ్చారు. మనుషుల నుంచి సోకే దగ్గు, జలుబు లాంటి శ్వాసకోశ వ్యాధులు ఆ తరువాతా ప్రాణాలు తీశాయి. అందుకే ఇప్పుడు కనీస దూరం పాటించాలన్న కట్టడి ఉంది. హెచ్‌ఐవీకి మూలమైన వైరస్ కుటుంబం చింపాంజీలకు హాని చేయదని శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మారు. గోంబేలో ముట్టుకోకుండా, పడిన మలమూత్రాలను సేకరించి పరీక్షించిన బియాట్రిస్ హాన్ బృందం 2009లో ఆ నమ్మకాన్ని తిరగరాసింది. వైరస్ సోకిన చింపాంజీలకు సోకని వాటి కంటే మరణ ముప్పు 10 నుంచి 16 రెట్లు ఎక్కువని తేలింది. ఏ చింపాంజీ ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు చనిపోయిందో తెలిసిన చోటు కాబట్టే ఆ లెక్క సాధ్యమైంది.

గుడాల్ స్థాపించిన సంస్థ 1994లో గోంబే చుట్టుపక్కల ఊళ్లలో టాకారే అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చెట్లు నాటించడం తొలి లక్ష్యమైనా, ఊరివాళ్లను అడిగినప్పుడు వారు ముందు మంచినీళ్లు, వైద్యం, బడి, పంట దిగుబడి అన్నారు. కార్యక్రమం ఆ క్రమాన్నే పాటించింది. నారుమళ్లు, మహిళలకు చిన్న రుణాలు, ఆడపిల్లల చదువుకు సాయం, కుటుంబ నియంత్రణ సేవలు, వీటి తరువాతే ఊరి భూమిలో ఏది సాగుకు, ఏది ఇళ్లకు, ఏది అడవికి అన్న ప్రణాళికల దగ్గరకు వచ్చారు. ఉపగ్రహ చిత్రాలను ఊరి మధ్యలో పరచి, తమ వాగు, తమ దేవతల గుట్ట ఎక్కడుందో గ్రామస్థులే గుర్తించి గీసిన హద్దుల మీద గ్రామ అటవీ రక్షిత ప్రాంతాలు ఏర్పడ్డాయి. ఊరు ఎంచుకున్న అటవీ కాపలాదారులు ఫోన్లలో చెట్ల నరికివేతను, చింపాంజీల గూళ్లను నమోదు చేస్తున్నారు. కొట్టేసిన మొదళ్ల నుంచి చిగుళ్లు వచ్చి కొన్ని కొండలు మళ్లీ పచ్చబడ్డాయి.

దీన్ని విజయగాథగా ముగించడం తొందరపాటే అవుతుంది. టాంజానియాలో మిగిలిన రెండు వేల పైచిలుకు చింపాంజీల్లో ఎక్కువ భాగం జాతీయ ఉద్యానాల బయట, ముఖ్యంగా గోంబేకు దక్షిణంగా ఉన్న మసీతో, ఉగాల్లా ప్రాంతాల పొడి అడవుల్లో బతుకుతున్నాయి. అక్కడ ఒక్కో చింపాంజీకి గోంబేలో కంటే ఎంతో ఎక్కువ నేల కావాలి, రోడ్లూ పశువుల మందలూ కొత్త సాగూ ఆ నేల మీదికే వస్తున్నాయి. గోంబే చింపాంజీలు ఉత్తరాన బురుండీ సరిహద్దు దాకా, తూర్పున కొండల అవతలికి వెళ్లి తిరిగి రాగలిగేంత అడవి నిలవాలంటే, ఆ దారిలో ఉన్న ప్రతి ఊరూ తన భూ ప్రణాళిక గడువు తీరిన ప్రతిసారీ దాన్ని మళ్లీ ఆమోదించాలి. జనాభా పెరుగుతున్న ఊరికి అది చిన్న త్యాగం కాదు. ఆ నిర్ణయాలు తీసుకునే గ్రామ సభలకు నీళ్లూ బడీ ఆసుపత్రీ అందుతూ ఉండటానికి ఏటా డబ్బు కావాలి, అదీ దశాబ్దాల పాటు. విదేశీ దాతల సాయం రెండు మూడేళ్ల పథకాలుగా వస్తుంది. చింపాంజీకి ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య పట్టే కాలం అంతకు రెట్టింపు.